లష్కర్ లొట్టి, లండన్ పీపా

ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం నాడు జనరల్ బజార్ వైపు నడుస్తుంటే వేపాకు, మైసాక్షి పొగ, కల్లు, ఈ మూడు వాసనలూ కలిసే వస్తాయి. ఉజ్జయిని మహంకాళి గుడికి బోనమెత్తుకొచ్చే ఆడవాళ్లు, పోతరాజుల కొరడాలు, డప్పులు, తొట్టెలు, పలారం బండ్లు. అమ్మవారికి కల్లు సాక పోస్తారు. మధ్యాహ్నానికి ఇళ్లల్లో యాటకూర ఉడుకుతుంది. చుట్టాల ముందు గ్లాసులు పెట్టగానే అసలు వాదన మొదలవుతుంది. "ఇది ఈతదా, తాటిదా?" "పొద్దుగాల దించిందేనా?" "కాంపౌండుల తెచ్చినవా, ఊరికెల్లి తెప్పించినవా?" ఒక మామ ఈతకల్లు తప్ప మరోటి ముట్టనంటాడు. పోతుతాటి కల్లు ముందు ఏదైనా దిగదుడుపేనని ఆయన బావమరిది. గ్లాసును వెలుతురుకు పట్టి, వాసన చూసి, నాలుక మీద ఒక్క క్షణం ఆపి తీర్పు చెప్పే పెద్దమనిషి ఆ బలగంలో ఒకరైనా ఉంటారు.

ఇంగ్లండులో ఇదే పనిని టికెట్ పెట్టి చేస్తారు. సంప్రదాయ బీరును బతికించుకోవడానికి 1971లో పుట్టిన 'కామ్రా' అనే వినియోగదారుల సంఘం 1977లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్ మొదలుపెట్టింది. పెద్ద హాలులో వరసగా పీపాలు, ఒక్కో పీపా మీద ఊరి పేరు, బీరు పేరు. జనం తలా కొంచెం పోయించుకుని ఏది బాగుందో తేల్చుకుంటూ పీపా నుంచి పీపాకు నడుస్తారు. ఆ పీపా బీరును వడగట్టరు. కాచి సూక్ష్మజీవుల్ని చంపరు. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. పీపాలోకి దిగాక కూడా అందులోని ఈస్టు మిగిలిన చక్కెరను తింటూనే ఉంటుంది. అంటే గ్లాసులోకి వచ్చేది ప్రాణమున్న పానీయం. మన కల్లు లొట్టిలోదీ అంతే.

ఈ అధ్యాయంలో నా వాదన ఒక్కటే. ప్రాణమున్న పానీయానికి వయసుంటుంది. ఏ చెట్టుది, ఏ ఊరిది అని మనం వాదించుకునే తేడాల్లో సగానికి పైగా నిజానికి గంటల తేడాలు. మామా, బావమరిదీ పోల్చేది రెండు చెట్లను అనుకుంటారు గానీ, చాలాసార్లు వాళ్లు పోల్చేది రెండు గడియారాలను.

లష్కర్ అనే పేరే దండుకు పేరు. 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సైన్య సహకార ఒప్పందంతో హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు గుడారాలు వేశాయి. 1806లో సికందర్ జా పేరున ఆ దండు సికింద్రాబాద్ అయింది. మహంకాళి గుడి కథలోనూ పటాలమే ఉంది. 1813 ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే పటాలపు డోలీ బోయీ తన ఊరు చల్లబడితే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి మొక్కు తీర్చుకున్నాడనీ చెప్పుకుంటారు. బోనం సైన్యంతో వచ్చింది. బీరూ సైన్యంతోనే వచ్చింది.

ఆ రోజుల్లో ఇండియాకు బీరు ఇంగ్లండు నుంచి చెక్క పీపాల్లో రావాల్సిందే. ఒక హాగ్స్‌హెడ్ పీపాలో 54 గ్యాలన్లు, అంటే సుమారు 245 లీటర్లు. లండన్‌లో బో అనే పేటలోని హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈ వ్యాపారంలో ముందు పేరు తెచ్చుకుంది. 1820ల్లో బర్టన్ ఊరి బ్రూవరీలు దానికి పోటీ వచ్చాయి. ఓడ ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి రావాలి, నాలుగు నుంచి ఆరు నెలలు. దారిలో రెండుసార్లు భూమధ్యరేఖ దాటుతుంది. అన్ని నెలలు ఆ వేడిలో ఊగిన పీపాలో ఏం జరిగేదో అప్పట్లో ఎవరికీ తెలీదు. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త నిలవబెట్టిన ఇంగ్లిష్ బీర్లకు ఆ ప్రత్యేకమైన వాసన తెచ్చేది బ్రెటనోమైసిస్ అనే మరో జాతి ఈస్టు అని పట్టుకున్నాడు. చెక్క సందుల్లో దాక్కుని, మామూలు ఈస్టు వదిలేసిన చక్కెరల్ని నెలల తరబడి తీరుబడిగా తింటుంది అది. ఈలోగా దక్షిణ భారతంలోనే బ్రూవరీలు లేచాయి. 1915లో థామస్ లీష్‌మన్ వాటిలో ఐదింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. మద్రాసు, బెంగుళూరు దండులకు వాళ్ల బీరు పీపాల్లో, ఎద్దుబండ్ల మీద వెళ్లేది. ఇప్పుడు కింగ్‌ఫిషర్ సీసా అమ్ముతున్నది ఆ కంపెనీయే.

దండులో దొరలకు బీరు ఎంత అవసరమో రొట్టె అంతకన్నా అవసరం. దక్షిణాదిలో రొట్టె పొంగాలంటే చాలాచోట్ల దిక్కు కల్లే. బేకరీవాళ్లు పిండిలో కల్లు పోసి పులియబెట్టేవాళ్లు. ఇందులో వింతేం లేదు. రొట్టెలో, బీరులో, కల్లులో పనిచేసే ప్రధాన ఈస్టు ఒక్కటే, శాకరోమైసిస్ సెరివిసియే. తేడా అంతా దానికి పెట్టే తిండిలో ఉంది.

బార్లీ గింజలో ఉన్నది పిండిపదార్థం. ఈస్టుకు అది కొరుకుడు పడదు. అందుకే గింజను నానబెట్టి మొలకెత్తించాలి, ఆరబెట్టాలి, మరపట్టాలి, 65 డిగ్రీల ప్రాంతంలో వేడినీళ్లలో నానేయాలి. మొలకెత్తిన గింజలో తయారైన ఎంజైములు అప్పుడు పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా విరుస్తాయి. ఆ నీళ్లను హాప్స్ పువ్వులతో మరిగిస్తారు. చేదు అక్కడి నుంచే వస్తుంది. పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియాలో చాలావాటిని అడ్డుకునేది కూడా ఆ చేదు పదార్థాలే. ఆ తరవాత చల్లార్చి ఈస్టు కలుపుతారు. మన చెట్టుకు ఈ గొడవేం లేదు. ఆకుల్లో తయారైన చక్కెరను కిందికి, పైకి మోసుకుపోయే నాళాలుంటాయి. వాటిని కోస్తే కారేది నీరా. అందులో నూటికి పది నుంచి పధ్నాలుగు పాళ్ల దాకా చక్కెర, అదీ మనం టీలో వేసుకునే సుక్రోజే. మొలకలూ వద్దు, మరగబెట్టడమూ వద్దు.

అయితే చెట్టు ఊరుకోదు. కోసిన నాళాల మూతుల్ని అది గంటల్లోనే పూడ్చుకుంటుంది. గీత కార్మికుడు మోకు వేసుకుని, ముత్తాదు కట్టుకుని పొద్దునా మాపూ ఎక్కేది కల్లు దించుకోవడానికి మాత్రమే కాదు. పూడిన కొసను గీత కత్తితో మళ్లీ పల్చగా చెక్కాలి. తాటిచెట్టుకు గెలను చెక్కుతారు. ఈతచెట్టుకు మొవ్వు కింద మొద్దునే చెక్కుతారు. ఈతమొద్దు మీద ఏళ్ల తరబడి అటో గాటు ఇటో గాటుగా ఉండే మెట్లు ఆ చెక్కుళ్ల గుర్తులే. ఎక్కువ లోతు పోతే చెట్టు పాడవుతుంది, తక్కువైతే కారదు. కాగితమంత మందాన చెక్కే ఆ ఒడుపు ఏ పుస్తకంలోనూ నేర్పేది కాదు.

నీరా లొట్టిలోకి చుక్కచుక్కగా పడుతుండగానే పని మొదలవుతుంది. లొట్టి గోడల రంధ్రాల్లో నిన్నటి సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. పెరుగు కోసం పాలలో వేసే తోడు లాంటిదే ఇదీ. గీత కార్మికుడు వేయకుండానే లొట్టి తనే తోడు వేస్తుంది. తీపి కల్లు కావాలంటే కొత్త లొట్టి కట్టడంలో ఉన్న కిటుకు ఇదే. ముందుగా లాక్టిక్ బాక్టీరియా చెలరేగి పులుపు మొదలుపెడతాయి. వాటిలో ల్యూకనాస్టాక్ అనేది సుక్రోజ్ నుంచి డెక్స్‌ట్రాన్ అనే జిగురును అల్లుతుంది. కొన్ని కల్లులు కాస్త చిక్కగా, నాలుకకు జారుడుగా తగలడానికి కారణం ఇదే. పులుపు పెరిగాక ఈస్టు అందుకుంటుంది. మద్యం, నురుగు, పళ్ల వాసనలు అప్పటివి. చివరికి, గాలి తగులుతున్న కొద్దీ, ఎసిటిక్ బాక్టీరియా ఆ మద్యాన్నే వెనిగర్‌గా మార్చేస్తాయి. పొద్దున దించింది తియ్యగా ఉంటే సాయంత్రానికి నూటికి నాలుగైదు పాళ్ల మద్యంతో ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లకల్లు. మీకు నచ్చిన కల్లు ఈ వరసలో ఏదో ఒక గంట.

పొద్దుటి కల్లు ఒక చుక్కను కాలేజీ మైక్రోస్కోపు కింద నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూడండి. గ్లాసులో తెల్లగా, పాలలా కనిపించింది ఏమిటో అప్పుడు తెలుస్తుంది. అది రంగు కాదు, జనాభా. కోలగా ఉన్న ఈస్టు కణాలు, కొన్నింటి పక్కన చిన్న మొగ్గ. అది తెగి పడితే మరో ఈస్టు. వాటి మధ్య గొలుసులుగా చుక్కలు, లాక్టిక్ బాక్టీరియా. ఇంకా సన్నగా, పొట్టి పుల్లల్లా ఉండి, కొన్ని జంటలుగా అంటుకుని, చూపు నిలవనివ్వకుండా ఈదుకుపోయేవి కూడా ఉంటాయి. ఆ పుల్లల్లో ఒక రకం ఈ అధ్యాయానికి కథానాయకుడు, జైమోమోనాస్ మొబిలిస్. మైక్రోస్కోపు కింద ఆకారం చూసి ఇదే అదని తేల్చడం కష్టమే. కల్లును పరీక్షించినవాళ్లకు మాత్రం అది మళ్లీ మళ్లీ దొరుకుతూనే ఉంది.

ఇది ఈస్టు కాదు, బాక్టీరియా. అయినా ఈస్టు లాగే చక్కెరను మద్యంగా మారుస్తుంది, అంతకంటే వేగంగా. కారణం చిత్రమైంది. ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి ఈస్టు రెండు ఏటీపీలు సంపాదిస్తే జైమోమోనాస్ దారిలో దానికి దక్కేది ఒక్కటే. ఆదాయం సగమైనవాడు రెట్టింపు పని చేయాలి. కనక ఇది చక్కెరను ఎడాపెడా తినేస్తుంది, ఒళ్లు మాత్రం చేయదు. తిన్నదంతా మద్యంగా, బొగ్గుపులుసు వాయువుగా బయటపడుతుంది. మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసంతో చేసే పుల్కే అనే పానీయంలో జర్మన్ శాస్త్రవేత్త లిండ్నర్ దీన్ని 1920ల్లో గుర్తించాడు. అంతకుముందే బార్కర్, హిల్లియర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్తలు దీని బంధువును పట్టుకున్నారు. అదేమో ఆపిల్ సారాయికి పట్టిన జబ్బు పేరుతో.

జబ్బు అన్నది వాళ్ల దృష్టి. ఇంగ్లిష్ పీపా బీరును పాడుచేసే పేరుమోసిన దొంగల్లో జైమోమోనాస్ ఒకటి. హాప్స్ చేదు దీన్ని ఆపలేదు. పీపాలో నురుగు బాగా రావాలని కొందరు బ్రూవర్లు చివర్లో కాస్త చక్కెర కలుపుతారు. దొంగకు తలుపు తీసినట్టే. కుళ్లిన ఆపిల్, కోడిగుడ్డు వాసనతో ఆ పీపా చెత్తలోకి పోతుంది. చక్కెర కలపకపోతే దీని ఆటలు సాగవు, ఎందుకంటే ఇది మాల్టోజ్‌ను తినలేదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ మాత్రమే దాని తిండి. తాటిచెట్టు ఇచ్చేది సుక్రోజే కాబట్టి అక్కడ దొంగైన జీవి మన లొట్టిలో ఇంటి అల్లుడు. చెడిపోవడం అనే మాటకు ప్రకృతిలో విడిగా అర్థం లేదు. తాగేవాడి అలవాటే దాన్ని నిర్ణయిస్తుంది.

వాయువు సంగతి కూడా లెక్కేసుకుందాం. పులియడంలో ఒక్కో మద్యం అణువుకు ఒక్కో బొగ్గుపులుసు వాయువు అణువు పుడుతుంది. లీటరు కల్లులో మద్యం నూటికి ఐదు పాళ్లకు చేరేసరికి అందులోంచి సుమారు 20 లీటర్ల వాయువు వెళ్లిపోయి ఉంటుంది. లొట్టి మూతి తెరిచి ఉండేది, తాజా కల్లు సీసాకు బిరడా గట్టిగా బిగిస్తే ఎగిరిపోయేది ఇందుకే. పీపా బీరులో చక్కెర దాదాపు అయిపోయాకే మూస్తారు గనక మిగిలిన కొద్ది వాయువు బీరులోనే కరుగుతుంది. దాన్ని 12 డిగ్రీల ప్రాంతంలో ఉండే నేలమాళిగలో ఉంచుతారు. చల్లటి ద్రవంలో వాయువు బాగా నిలుస్తుంది, ఈస్టూ నింపాదిగా నడుస్తుంది. పీపాకు కుళాయి బిగించి గాలి లోపలికి వెళ్లడం మొదలయ్యాక మాత్రం దానికీ రోజులు దగ్గరపడ్డట్టే. మూడు రోజుల్లో అమ్ముకోవాలి. నలభై డిగ్రీల సికింద్రాబాద్ ఎండాకాలంలో మన కల్లుకు ఒక్క రోజు. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి చర్యల వేగం రమారమి రెట్టింపవుతుంది. ఆ లెక్కన లండన్ వాడి మూడు రోజులు మనకు ఒక్క రోజైనా మిగలడం మెచ్చుకోదగ్గ విషయమే.

ఇక మామా బావమరుదుల తగువు. చెట్టు తేడా అసలు లేదనను. ఈతకల్లు పల్చగా, తీపిగా దిగుతుంది. తాటికల్లులో ఒక వగరు ఉంటుంది. పోతుతాటి కాలం ముందు వస్తుంది, పెంటితాటి కాలం ఎండల్లోకి జరుగుతుంది. కాబట్టి ఆ రెండింటి రుచి తేడాలో ఎండదీ వాటా ఉంది. గోదావరి పక్క ఏజెన్సీలో జీలుగు కల్లు తాగినవాళ్లు మిగతావన్నీ నీళ్లంటారు. నా వరకు పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఈతకల్లే. పులుపు అప్పుడే తొంగి చూస్తుంటుంది, తీపి ఇంకా పోదు. అయితే తగువు తీరాలంటే పరీక్ష మరోలా పెట్టాలి. ఒకే చెట్టు కల్లును మూడు వేర్వేరు గంటల్లో పట్టి, రెండు వేర్వేరు చెట్ల కల్లును ఒకే గంటలో పట్టి, కళ్లకు గంతలు కట్టి మామకు ఇవ్వండి. మొదటి మూడింటినే ఆయన వేర్వేరు చెట్లవంటాడని నా పందెం.

నగరంలో ఇప్పుడు మరో రకం పోలికలు కూడా నడుస్తున్నాయి. 2015లో తెలంగాణ మైక్రోబ్రూవరీలకు దారి తెరిచాక జంటనగరాల కుర్రకారు గోధుమ బీరు, స్టౌట్, ఐపీఏ అంటూ చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టించుకుని మార్కులు వేస్తున్నారు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు వస్తే పండో మసాలానో కలిపారనుకుంటారు చాలామంది. కలిపింది ఏమీ ఉండదు. అరటి వాసన ఐసోఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టరుది. లవంగం వాసన గింజ పొట్టులోని ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈస్టు విరవడం వల్ల పుట్టింది. బీరు ఈస్టుల జన్యువులను చదివి 2016లో వెలువడిన పరిశోధనల్లో ఒక మంచి సంగతి బయటపడింది. ఇంగ్లండు, బెల్జియం తదితర దేశాల బ్రూవర్లు వందల ఏళ్లుగా లవంగం వాసన లేని పీపా అడుగునుంచే ఈస్టు తీసి మళ్లీ వాడుతూ పోవడంతో చాలా జాతుల్లో ఆ జన్యువులు చెడిపోయాయి. జర్మన్ గోధుమ బీరు ఈస్టుల్లో మాత్రం నిలిచాయి. అంటే బీరు ఈస్టులు పెంపుడు జంతువుల్లాంటివయ్యాయి. లొట్టిలోని ఈస్టును మాత్రం ఎవరూ అలా ఏరి పెంచలేదు. ఏ లొట్టి తీరు దానిదే.

ఏరి పెంచడంలో ఆఖరి మెట్టు సీసా బీరు. బీరు ఎందుకు పాడవుతుందో పాశ్చర్ 1876లో ఒక పుస్తకమే రాశాడు. 1883లో కార్ల్స్‌బర్గ్‌లో హాన్సెన్ ఒకే ఒక్క ఈస్టు కణం నుంచి మొత్తం పంట తీశాడు. ఒక్క జాతి ఈస్టు, ఆపైన వడపోత, ఆపైన కాచడం. సంగారెడ్డిలో నింపిన సీసా నెలల తరవాత ఎక్కడ తెరిచినా ఒకే రుచి. దాన్ని తక్కువ చేయను. కానీ అందులో పోల్చడానికి ఏమీ మిగలదు, దానికి వయసు రాదు గనక.

కల్లుకు వయసు రావడమే నగరంలో దాని పాలిట శాపమైంది. చెట్లు ఊళ్లలో, తాగేవాళ్లు లష్కర్‌లో. దారిలోనే అది పుల్లబడుతుంది, పైగా చెట్లు ఇచ్చేది గిరాకీకి ఏ మూలకూ చాలదు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, మత్తుమందులు పూడుస్తాయి, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం. 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలు మూయించడానికీ, 2014లో తిరిగి తెరిపించడానికీ రాజకీయ కారణాలు వేరే ఉన్నాయి. కల్తీకి మాత్రం కారణం ఈ దూరమే. ఆల్ప్రాజోలం మెదడులో నాడుల్ని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది. మద్యమూ అక్కడే పనిచేస్తుంది. రెండూ కలిస్తే ఊపిరి మందగించవచ్చు. రోజూ తాగి అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, లేనివి కనిపించడం. 2015లో జిల్లాల్లో కల్తీ మీద దాడులు పెరగగానే ఆస్పత్రులకు ఇలాంటి కేసులు వరసకట్టాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు పలువురి ప్రాణాలే పోయాయి. కల్తీ లేని కల్లులోనూ మద్యం మద్యమే. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది.

దూరాన్ని గెలవడానికి పాత పద్ధతి సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే నీరా క్షారంగా మారి ఏ సూక్ష్మజీవీ తల ఎత్తదు. తాటిబెల్లానికి నీరా పట్టేది అలాగే. కొత్త పద్ధతి మంచు. హుసేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో దొరికేది పులియని రసం. చెట్టు మీద ఉన్నప్పటి నుంచే చల్లగా ఉంచితే తప్ప అది నీరాగా మిగలదు. చల్లదనం జీవుల్ని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. కేఫ్‌లో కొన్న నీరాను కారు డిక్కీలో పెట్టి బొల్లారం దాకా ఎండలో తిప్పితే నిద్రలేవడం మొదలవుతుంది.

కాంపౌండు కల్లు గురించి అనుమానం వస్తే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. అర గ్లాసు మూత పెట్టకుండా మర్నాటిదాకా ఉంచి నాలుక కొసకు ఒక్క బొట్టు తగిలించి చూడండి. అసలు కల్లయితే తీపి దాదాపు పోయి పులుపు నిలుస్తుంది, ఎందుకంటే చక్కెరను జీవులు తినేశాయి. శాకరిన్‌ను తినే జీవి లొట్టిలో లేదు. కాబట్టి పులుపు వెనక నిన్నటి తీపి చెక్కుచెదరకుండా అలాగే ఉంటే అది చెట్టు ఇచ్చిన తీపి కాదు. ఈ పరీక్ష శాకరిన్ దాకానే. ఆల్ప్రాజోలం ఉందో లేదో ఏ నాలుకా చెప్పలేదు, దానికి ప్రయోగశాల కావాలి.